వ్యాను సెల్లార్‌లోకి దిగాలి: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

వానలు మొదలయ్యేలోపు ఈ పని పూర్తి కావాలి. ఏ రోజు ఏం చేశామో మర్చిపోకుండా ఇవాళ్టి నుంచి రాసి పెట్టుకుంటున్నాను.

నాన్నది మోటారు వీల్‌చైర్. వెనక డోరు పైకెత్తి, ర్యాంపు పలక కిందికి దించితే కుర్చీతో సహా ఎక్కేసే వ్యాను మాది. కుర్చీలో కూర్చున్న మనిషి తల తగలకుండా ఉండాలి కాబట్టి ఎత్తైన బండే తీసుకున్నాం. ఆ ఎత్తు వల్లే ఇన్నాళ్లూ అది బయట రోడ్డు పక్కన ఉంటోంది. అక్కడి నుంచి లిఫ్టు దాకా అరవై మీటర్లు. వాన పడితే నాన్న మీద గొడుగు పట్టుకుని తమ్ముడు, కుర్చీ జాయ్‌స్టిక్ మీద ప్లాస్టిక్ కవరు అదిమి పట్టుకుని నేను నడవాలి. పోయిన ఏడాది ఒకసారి ఆ కవరు జారింది. జాయ్‌స్టిక్‌లోకి నీళ్లు దిగి కుర్చీ దారి మధ్యలో ఆగిపోయింది. వంద కిలోలు దాటిన కుర్చీ, అందులో నాన్న. ఇద్దరం తోసుకుంటూ లోపలికి చేర్చాం. నాన్న ఆ రోజు ఏమీ అనలేదు. కానీ అప్పటి నుంచి మబ్బు పట్టిన రోజు బయటికి వెళ్దామంటే ఏదో ఒక సాకు చెబుతున్నారు.

సెల్లార్‌లో లిఫ్టు పక్కనే మా పార్కింగ్ చోటు ఖాళీగా ఉంది. సెల్లార్ గేటు మీద బోర్డు 2.10 మీటర్లు అంటోంది. వ్యాను పుస్తకంలో ఎత్తు 1,990 మిల్లీమీటర్లు. అంటే 11 సెంటీమీటర్లు మిగలాలి. మరి ఇన్నాళ్లూ ఎందుకు దింపలేదంటే, ఎవరూ కొలవలేదు, అందరికీ భయం. అంతే.

2వ రోజు

పుస్తకంలో ఉండేది కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎత్తు. తర్వాత మేం పెట్టించినవి అందులో ఉండవు. కాబట్టి ముందు వ్యానునే కొలిచాం.

కొలిచిన పద్ధతి రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. చదునైన నేల చూసుకోవాలి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. రోజూ ఎంత బరువుతో తిరుగుతామో అంత బరువు లోపల ఉండాలి. మేం నాన్నను కుర్చీతో సహా ఎక్కించే కొలిచాం. పైకప్పు మీద అడ్డంగా తిన్నని అల్యూమినియం పట్టీ పెట్టి, దాని మీద రసమట్టం ఉంచి, బుడగ మధ్యకు వచ్చేలా ఒకరు పట్టుకోవాలి. పట్టీ చివరి నుంచి దారానికి గుండు కట్టి నేల దాకా వదలాలి. ఆ దారం పొడవే ఎత్తు. టేపును బండి పక్కన ఆనించి కంటితో అంచనా వేస్తే రెండు మూడు సెంటీమీటర్లు సులువుగా తప్పుతాయి. ఇక్కడ మనం కొట్లాడుతున్నదే ఆ రెండు మూడు సెంటీమీటర్ల కోసం.

వచ్చిన కొలతలు, సెంటీమీటర్లలో: పైకప్పు రేకు 198.5. పైన లగేజీ కోసం వేయించిన రెండు అడ్డ కడ్డీలు 207.5. గాలి కోసం పైకప్పుకు బిగించిన పంకా మూత 207. యాంటెన్నా 215.

పుస్తకంలోని 199 కన్నా రేకు అర సెంటీమీటరు తక్కువగా రావడం లోపల ఉన్న బరువు వల్లే. యాంటెన్నా మరతో బిగించింది, తిప్పితే ఊడి వచ్చేస్తుంది. దాన్ని తీసేస్తే మిగిలే పెద్ద అంకె 207.5. బోర్డు 210. రెండున్నర సెంటీమీటర్లు చాలు కదా అని తమ్ముడికి ఉత్సాహం వచ్చింది. "అక్కా, ఇప్పుడే దింపి చూద్దామా?" అన్నాడు. సెల్లార్ కొలవకుండా వద్దన్నాను.

3వ రోజు

గేటు నుంచి మా చోటు దాకా వ్యాను వెళ్లే దారంతా నడిచి, పైన ఏమేం ఉన్నాయో కొలిచాం. శ్లాబు ఎత్తు 260. అది చూసి మోసపోకూడదు. బీముల కింద 225. వాటికి వేలాడుతూ కేబుల్ ట్రే 214, ట్యూబులైటు 213, మంటలు ఆర్పే స్ప్రింక్లర్ పైపు 216. ఒక చోట పైపు క్లాంపు పట్టుకునే మర కడ్డీ నట్టు దాటి కిందికి పొడుచుకొచ్చి ఉంది, దాని కొస 209. దారి మొత్తంలో బోర్డు కన్నా తక్కువ ఉన్నది ఆ కొస ఒక్కటే. వేలెడంత ఇనుప ముక్క. అది లగేజీ కడ్డీకి కాకుండా పైకప్పు రేకుకు తగిలితే రేకు చివరిదాకా చీరుకుపోతుంది.

స్ప్రింక్లర్ల గురించి ఒక మాట. పైపు చివర చిన్న గాజు బుడ్డి, అందులో రంగు ద్రవం ఉంటుంది. ఎర్ర ద్రవం ఉన్నవి 68 డిగ్రీల వేడికి పగిలేలా చేసినవి. వేడికే కాదు, దెబ్బకూ పగులుతాయి. పగిలితే ఎవరో వెళ్లి వాల్వు కట్టేదాకా నీళ్లు ఆగవు. అందుకే వాటి దగ్గర నేను టేపు కూడా ఆనించలేదు, లేజర్ మీటరుతోనే కొలిచాను.

సెల్లార్ నిర్వహణ చూసే ఆయన వెంట వచ్చారు. కడ్డీ కొస కోయించి, పైన రబ్బరు టోపీ పెట్టిస్తానన్నారు. బోర్డు దగ్గర గొలుసులకు వేలాడే గొట్టం చూపించి, "దీనికి తగలకుండా వస్తే లోపల ఎక్కడా తగలదు మేడం" అని ధైర్యం చెప్పారు. ఆ గొట్టం ఎత్తు కూడా కొలిచాను. సరిగ్గా 210.

ఆ మాట మీద నాకు ఎందుకో నమ్మకం కుదరలేదు. గొట్టం వేలాడేది చదునైన చోట. వ్యాను దిగేది వాలు మీద.

5వ రోజు

రెండు రోజులు సెల్లార్‌లోకి దిగే ర్యాంపు దగ్గరే గడిచాయి. ఈ పని మొత్తంలో తేలాల్సిన విషయం ఇక్కడే ఉంది.

ర్యాంపు వాలు డిజిటల్ మట్టంతో 8.5 డిగ్రీలు చూపించింది. అంటే వంద సెంటీమీటర్ల దూరానికి పదిహేను సెంటీమీటర్ల దిగుడు, 15 శాతం. ఆ వాలు ముగిసి చదును నేల మొదలయ్యే గీతను ఇక్కడ మడత అంటాను. మా సెల్లార్‌లో సరిగ్గా ఆ మడత మీదే ఒక పెద్ద బీము ఉంది. మడత నుంచి బీము అడుగుకు 214. బోర్డు 210 కాబట్టి బోర్డు అబద్ధం చెప్పలేదు. కానీ మడత మీద 214 అంటే వ్యానుకు 214 దొరకదు.

ఎందుకంటే ముందు చక్రాలు మడత దాటి చదును మీదికి వచ్చి, వెనక చక్రాలు ఇంకా వాలు మీదే ఉన్నప్పుడు, వ్యాను మడత మీద వంతెనలా నిలబడుతుంది. గుంట మీద కర్ర అడ్డంగా పెట్టినట్టు. చక్రాలు నేలకు ఆనే ఉంటాయి, నడుము మాత్రం మడత నుంచి పైకి లేచి ఉంటుంది. నడుము ఎంత లేస్తే పైకప్పూ అంతే లేస్తుంది.

ఎంత లేస్తుందో లెక్క కట్టవచ్చు. పైకప్పు మీద ఏదో ఒక బిందువు తీసుకోండి. అక్కడి నుంచి ముందు ఇరుసుకు ఎంత దూరమో, వెనక ఇరుసుకు ఎంత దూరమో కొలవండి. ఆ రెండూ గుణించి, రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగించి, వాలుతో గుణించండి. ఆ బిందువు మడత మీదికి వచ్చినప్పుడు దాదాపు అంత పైకి లేస్తుంది. మా వ్యానుకు ఇరుసుల మధ్య మూడు మీటర్లు. సరిగ్గా నడుమ బిందువుకు 1.5 గుణించు 1.5, భాగించు 3, గుణించు 0.15. జవాబు 0.1125 మీటరు. అంటే పదకొండు సెంటీమీటర్ల పైన!

మొదటి రోజు నేను మిగులు అనుకున్న పదకొండు సెంటీమీటర్లను ఆ ఒక్క మడతే తినేస్తుంది.

ముందు కడ్డీ ముందు ఇరుసుకు 0.8 మీటర్ల వెనక ఉంది, దానికి 8.8 సెంటీమీటర్ల లేపు. అంటే 214 లోంచి 8.8 పోగా 205.2 కన్నా ఎత్తు ఉండకూడదు. ఉన్నది 207.5. పంకా వెనక ఇరుసుకు 0.9 మీటర్ల ముందు ఉంది, దానికి 9.5 లేపు, హద్దు 204.5. ఉన్నది 207. వెనక కడ్డీకి 7.2 లేపు, హద్దు 206.8. అదీ తగులుతుంది. మూడూ తగులుతాయి. ఉత్త రేకు మాత్రం నడుమ హద్దు 202.7 కాగా 198.5 ఉంది, నాలుగు సెంటీమీటర్లు మిగులుతుంది.

గొలుసు గొట్టం కింద నుంచి 207.5 ఎత్తు వ్యాను హాయిగా వెళ్లిపోయేది. ఆ ధైర్యంతో ముందుకు పోనిస్తే ఇరవై మీటర్ల అవతల బీముకు పంకా ఊడిపోయేది. నాన్న లోపల ఉండగా. ఆ ఊహ రాగానే నాకు చేతులు చల్లబడ్డాయి.

ర్యాంపులు గీసేవాళ్లకు ఈ సంగతి తెలుసు. వాలు బాగా ఎక్కువైన చోట రెండు చివర్లా కొంత దూరం సగం వాలు వేసి, ఒక్క పెద్ద మడతను రెండు చిన్న మడతలు చేస్తారు. మా ర్యాంపు 15 శాతాన్ని 7.5, 7.5గా విడదీసి, ఆ సగం వాలును వ్యాను ఇరుసుల దూరం అంత పొడుగు వేసి ఉంటే లేపు సగానికి సగం తగ్గేది. పాత కట్టడం, పైన అలా వేశారు కానీ కింద స్థలం చాలక వదిలేసినట్టుంది.

6వ రోజు

లెక్క చేతిలో ఉన్నా కళ్లతో చూడాలనిపించింది. వ్యానుతో చూడలేం కదా, అందుకని కర్ర బండి చేశాం.

నాలుగు మీటర్ల చెక్క దూలం. దాని కింద సరిగ్గా మూడు మీటర్ల ఎడంలో రెండు జతల చిన్న చక్రాలు. పైన కడ్డీలు, పంకా, నడుము ఉండే చోట్ల నాలుగు పీవీసీ పైపులు నిటారుగా బిగించి, ఒక్కోదాన్ని అసలు ఎత్తుకు కోశాం. చెక్క వంగకుండా పక్క నుంచి ఇంకో పట్టీ వేశాం. వంగితే కొలతే తప్పవుతుంది. పైపుల తలలకు స్పాంజీ చుట్టి దాని మీద నీలం సుద్దపొడి అద్దాను. ఏది ఎక్కడ తగిలిందో బీము మీద మచ్చ చెబుతుంది.

తమ్ముడు వెనక నుంచి పట్టుకుని మెల్లగా వదిలాడు. ముందు కడ్డీ పైపు బీముకు తగిలి స్పాంజీ నొక్కుకుపోయింది, నీలం గీత పడింది. నడుమ పైపు తగలకుండా దాటింది, టేపు పెట్టి చూస్తే నాలుగు పైనే. పంకా పైపు వచ్చేసరికి బండి ఆగిపోయింది, తొయ్యాల్సి వచ్చింది. వెనక కడ్డీ రాసుకుంటూ పోయింది. లెక్క ఏం చెప్పిందో బీము మీద సుద్ద అదే చెప్పింది. తమ్ముడు చాలాసేపు ఆ మచ్చల వైపు చూస్తూ నిలబడి, "మొన్న దింపేసేవాణ్ని అక్కా" అన్నాడు.

ఇలాంటి చోట బోర్డు ఒక్కటే కాపాడదు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని డర్హమ్‌లో రైలు వంతెన ఒకటి ఉంది, దాని కింద ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలే ఉండేది. హెచ్చరిక బోర్డులూ మెరిసే లైట్లూ ఉన్నా ఏళ్ల తరబడి ట్రక్కులు దాని కిందికి పోయి పైకప్పులు ఊడగొట్టుకున్నాయి. 2019లో వంతెనను 8 అంగుళాలు పైకెత్తారు. అయినా గుద్దుకోవడం పూర్తిగా ఆగలేదు. అక్కడి డ్రైవర్లకు కనీసం తగిలే చోటే బోర్డు ఉంది. మాకు బోర్డు ఒకచోట, తగిలేది ఇంకోచోట.

7వ రోజు

ఏం చేయొచ్చో ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. వద్దనుకున్నవి ముందు రాస్తాను, కారణాలతో.

బీము అడుగు కొంచెం చెక్కించడం. ఒక బంధువు ఇచ్చిన సలహా. ఎప్పటికీ చెయ్యకూడని పని ఇది. బీములో బరువును లాగి పట్టుకునే ముఖ్యమైన ఇనుప చువ్వలు అడుగునే ఉంటాయి. వాటి మీద ఉన్న కాంక్రీటు పొర తుప్పు నుంచీ మంట నుంచీ కాపాడుతుంది. రెండు సెంటీమీటర్లు చెక్కితే చువ్వలు బయటపడవచ్చు. పైన ఇళ్లు ఉన్నాయి.

టైర్లలో గాలి తగ్గించి దిగడం. ఒక సెంటీమీటరు కోసం రోజూ గాలి తీసి రోజూ కొట్టుకోవాలి. మర్చిపోయి రోడ్డెక్కిన రోజు టైరు వేడెక్కి పగలవచ్చు. నాన్న కూర్చునే బండికి ఆ పని చెయ్యను.

టైరు సైజు మార్చడం. మాది 215/65 ఆర్16, దాని వ్యాసం సుమారు 68.6 సెంటీమీటర్లు. 215/60 వేస్తే 66.4. వ్యాసం తగ్గినదాంట్లో సగమే బండి దిగుతుంది, అంటే 1.1 సెంటీమీటరు. స్పీడు మీటరు మూడు శాతం ఎక్కువ చూపిస్తుంది. అంత బరువు మోసే రేటింగు ఆ సైజులో దొరుకుతుందో లేదో కూడా చూసుకోవాలి. అంత తంటాకు వచ్చేది వేలు మందం.

పొట్టి స్ప్రింగులు వేసి బండినే కిందికి దించడం. దీని మీద తమ్ముడికి గట్టి ఆశ, నాలుగు సెంటీమీటర్లు ఒక్కసారిగా వస్తాయి కాబట్టి. అయితే ర్యాంపు పై అంచున మడత తిరగబడి ఉంటుంది. అక్కడ నేల గూనిలా లేస్తుంది, బండి పొట్ట దానికి దగ్గరవుతుంది. పైన సగం వాలు కొంత ఉన్నా అది పొట్టిది. కర్ర బండితో చూస్తే పొట్ట ఎనిమిది సెంటీమీటర్లు దగ్గరైంది. కుర్చీ కోసం మా వ్యాను నేల పలక దించి కట్టారు, పొట్ట కింద ఉన్నదే పదమూడు. నాలుగు దించితే మిగిలేది ఒకటి. పైన తగలకుండా చేసి కింద గీకించుకున్నట్టవుతుంది.

కాబట్టి మిగిలింది ఒకటే దారి: పైకప్పు మీద రేకు తప్ప ఏమీ ఉండకూడదు. కడ్డీలు తీసెయ్యాలి. పంకా తీసి, మూడు సెంటీమీటర్ల పొట్టి గాలి మూత పెట్టాలి. అప్పుడు అక్కడ 201.5, హద్దు 204.5. మూడు మిగులుతుంది.

8వ రోజు

యాంటెన్నా ఊడదీసి, అద్దానికి లోపల అంటించే రకం పెట్టాం. పది నిమిషాల పని.

కడ్డీలు పైకప్పులోని మర గూళ్లలోకి బోల్టులతో బిగించినవి. తీశాక ఆ రంధ్రాలు వదిలేస్తే నీళ్లు దిగుతాయి. పొట్టి స్టెయిన్‌లెస్ బోల్టులకు సీలెంటు పూసి బిగించాం. వాటి తలలు నాలుగు మిల్లీమీటర్లు పైకి ఉన్నాయి.

తర్వాత నాన్నను ఇంట్లో దింపి వచ్చాక, ఎందుకో మళ్లీ ఒకసారి కొలిచాను. పంకా ఉన్న చోట 1.8 సెంటీమీటర్లు పెరిగింది!

నాన్నా కుర్చీ దిగిపోగానే వెనక స్ప్రింగులు లేచాయి. వెనక ఇరుసు దగ్గర రెండున్నర, పంకా దగ్గర 1.8, నడుమ 1.3. ఇది తట్టనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. నాన్నతో దిగుతాం, ఆయన్ను దింపేసి ఖాళీ బండితో ఎప్పుడో బయటికి వెళతాం. బరువుతో దిగిన బండి ఖాళీగా ఎక్కేటప్పుడు ఇరుక్కోవచ్చు. సామాను దింపిన ఏ వ్యానుకైనా ఇదే ప్రమాదం. లోపలికి వచ్చేసింది కాబట్టి బయటికి పోతుందని అనుకోకూడదు.

ఖాళీ బండికి పొట్టి మూత లెక్క: 203.3, హద్దు 204.5. మిగిలేది 1.2. బ్రేకు వదిలినప్పుడు బండి ఊగే ఊపుకే అది సరిపోతుంది. పొట్టి మూత ఆలోచన అక్కడితో మానేశాం. పంకా రంధ్రాన్ని రేకుతో పూర్తిగా మూసెయ్యాలి.

"నాన్నా, పైన పంకా ఉండదు. పక్క కిటికీలూ వెనక చిన్న ఫ్యానూ పెడతాను. గాలి చాలకపోతే చెప్పాలి మీరు" అన్నాను.

"తడవకుండా ఉంటే చాలమ్మా" అన్నారు.

10వ రోజు

పంకా విప్పాం. నాలుగు పక్కలా పాత సీలెంటు గట్టిపడి రాయిలా ఉంది. ప్లాస్టిక్ గరిటెతో, హెయిర్ డ్రయర్ వేడితో, మూడు గంటలు. ఇనుప గరిటె వాడితే తొందరగా వచ్చేది, కానీ గీత పడ్డ చోట తుప్పు మొదలవుతుంది.

రంధ్రం 36 సెంటీమీటర్ల చదరం. దాని మీదికి 44 చదరపు, మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం పలక. అల్యూమినియం నేరుగా ఇనుప రేకుకు ఆని, మధ్యలో నీళ్లు చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. అందుకని నాలుగు అంచులా మధ్యలో బ్యూటైల్ టేపు వేశాం, అదే నీళ్లనూ ఆపుతుంది. మరలు ఒక మూల నుంచి వరసగా కాకుండా ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. లేకపోతే పలక ఒక పక్క లేస్తుంది. టేపుతో కలిపి నాలుగు మిల్లీమీటర్లే పైకి ఉంది. ఖాళీ బండికి ఆ చోట 200.7. హద్దుకు 3.8 దూరం.

12వ రోజు

గొట్టంతో ఇరవై నిమిషాలు నీళ్లు కొట్టాం. కుడి వెనక మూలలో లోపలికి తడి వచ్చింది. ఆ మూలలో పైకప్పు రేకు కొద్దిగా గుండ్రం తిరుగుతుంది, పలక తిన్నగా ఉంది. ఆ సందులో టేపు ఇంకో పొర వేసి, పలక మూలను చెక్క సుత్తితో మెల్లగా వంచి మళ్లీ బిగించాం. రెండోసారి పొడి. మూడోసారి కూడా కొట్టి చూశాను.

14వ రోజు

ఖాళీ కొలతలతో కర్ర బండి మళ్లీ దింపుదామని వెళితే, ర్యాంపు కింద కొత్తగా రబ్బరు స్పీడ్ బ్రేకర్ వేసి ఉంది. మడతకు 1.2 మీటర్ల అవతల, అయిదు సెంటీమీటర్ల ఎత్తు. బండ్లు వేగంగా దిగుతున్నాయని వేయించారట.

ఉద్దేశం మంచిదే. కానీ ముందు చక్రాలు దాని మీదికి ఎక్కినప్పుడు వ్యాను నడుము ఇంకా మడత మీదే, బీము కిందే ఉంటుంది. ముందు అయిదు లేస్తే అక్కడ మూడు లేస్తుంది. ఖాళీ బండికి మిగిలేది ఏడు మిల్లీమీటర్లు. సుద్దపొడి అద్దిన పైపు బీముకు వెంట్రుకవాసిలో దాటింది.

నిర్వహణ ఆయన్ను పిలిచి కర్ర బండిని ఆయన చేతే తోయించాం. కాగితం మీద గీసి చెప్పి ఉంటే ఎంత అర్థమయ్యేదో కానీ, చేత్తో తోసేసరికి విషయం పట్టుకున్నారు. నాలుగు మీటర్లు అవతలికి జరిపిస్తానన్నారు. పొడుచుకొచ్చిన కడ్డీ కొస సంగతి కూడా గుర్తు చేశాను.

అసలు వీల్‌చైర్ వ్యాన్లకు ఎంత ఎత్తు వదలాలో కొన్ని దేశాలు ఎప్పుడో ఆలోచించాయి. అమెరికా వికలాంగుల చట్టం కింద 2010లో వచ్చిన ప్రమాణాల్లో, వ్యాన్ల కోసం కేటాయించిన పార్కింగ్ చోటుకీ దాని దాకా వెళ్లే దారికీ కనీసం 98 అంగుళాలు, అంటే 2.49 మీటర్లు ఖాళీ ఉండాలని రాశారు. మా 2.10తో పోలిస్తే దాదాపు నలభై సెంటీమీటర్ల తేడా. అంత ఖాళీ ఉంటే ఈ డైరీ అవసరమే ఉండేది కాదు. కట్టేటప్పుడు వీల్‌చైర్ వ్యాను కూడా వస్తుందని ఒక్కరు గుర్తుచేసుకుంటే చాలు, తర్వాత కొన్ని కుటుంబాలకు ఏళ్ల బాధ తప్పుతుంది.

17వ రోజు

స్పీడ్ బ్రేకర్ జరిగింది. కడ్డీ కొస కోసి రబ్బరు టోపీ పెట్టారు. ఇవాళ వ్యాను దించాం.

మొదటిసారి ఖాళీ బండితోనే దింపాలనుకున్నాం, ఎందుకంటే ఖాళీగా ఉన్నప్పుడే ఎత్తు ఎక్కువ. అది దాటితే నాన్నతో ఉన్నప్పుడు తప్పకుండా దాటుతుంది. ఉదయం బండ్లు తిరగని వేళ చూసుకున్నాం. బీము పక్కన నిచ్చెన వేసుకుని నేను, కన్ను బీము అడుగుకు సమానంగా పెట్టి. తమ్ముడు డ్రైవింగ్, ఫోను స్పీకర్‌లో. నేను "ఆగు" అంటే ఆగాలి, ఇంకేం మాట్లాడకూడదు అని ముందే అనుకున్నాం.

మడత దగ్గర బ్రేకు వెయ్యొద్దని చెప్పాను. దిగుతూ బ్రేకు వేస్తే ముక్కు దిగి తోక లేస్తుంది, మన మూడు సెంటీమీటర్లలో ఒకటి అక్కడే పోతుంది. ర్యాంపు మధ్యలోనే పూర్తిగా ఆగి, మళ్లీ నడిచినంత వేగంతో వదలాలి.

ముందు అద్దం పై అంచు దాటింది. ముందు కడ్డీ ఉండే చోటు దాటింది. నడుము వచ్చేసరికి టెన్షన్‌తో ఊపిరి బిగపట్టాను. రేకుకూ బీముకూ మధ్య అవతలి గోడ మీది లైటు సన్నటి గీతలా కనిపిస్తోంది. ఆ గీత సన్నబడింది, కానీ మాయం కాలేదు. మళ్లీ వెడల్పయింది. పలక దాటింది, తోక దాటింది. వ్యాను చదును మీద ఉంది.

మళ్లీ పైకి ఎక్కించి, ఇంకో రెండుసార్లు దింపాం. పైకి ఎక్కేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి: యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ముక్కు లేస్తుంది. మూడోసారి నడుము మడత మీద ఉండగా ఆపించి సందులో టేపు పెట్టాను. 3.1.

18వ రోజు

వెనక డోరు సంగతి ముందు ఆలోచించలేదు. పైకి తెరుచుకునే డోరు పూర్తిగా లేస్తే 231 సెంటీమీటర్లు. మా చోటులో వెనక భాగం సరిగ్గా 225 బీము కింద ఉంది. తమ్ముడు మామూలుగా బటన్ నొక్కాడు, గ్యాస్ స్ట్రట్లు డోరును విసురుగా లేపాయి, అంచు బీముకు కొట్టుకుంది. పెయింటు గోరంత పోయింది. అద్దం పగలలేదు.

బీముకూ బీముకూ మధ్య శ్లాబు 260 కాబట్టి, బండిని డెబ్భై సెంటీమీటర్లు ముందుకు జరిపితే డోరు ఖాళీలోకి లేస్తుంది. ర్యాంపు పలక దించడానికి వెనక స్థలం కూడా పెరిగింది. ముందు చక్రాలు ఆగాల్సిన చోట రబ్బరు అడ్డు బిగించాం. బీము అంచుకు స్పాంజీ పట్టీ అంటించాం. డోరు సగంలో ఆగేలా లోపల ఒక బెల్టు కూడా కట్టాలి, ఎవరైనా కొత్త మనిషి నడిపిన రోజుకు. కొలతలు తీసుకున్నాను, ఇంకా కట్టలేదు.

స్టీరింగ్ పక్కన ఒక కాగితం అంటించాను: "బరువుతో 199. ఖాళీగా 201. పైన ఏమీ కట్టవద్దు. మడత దగ్గర బ్రేకు వద్దు." కింద తేదీ రాశాను. టైర్లు మార్చినా, స్ప్రింగులు మార్చినా, సెల్లార్‌లో కొత్త పైపు వేసినా మళ్లీ కొలవాలి. కర్ర బండిని విప్పలేదు. పార్కింగ్ గోడకు ఆనించి ఉంచాం.

22వ రోజు

తెల్లవారుజాము నుంచి వాన. నాన్నకు ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ ఉంది. లిఫ్టులోంచి నేరుగా వ్యాను దగ్గరికి తానే నడుపుకుంటూ వచ్చారు. జాయ్‌స్టిక్ మీద కవరు లేదు. తమ్ముడు గొడుగు తెచ్చాడు కానీ తెరవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ర్యాంపు మీద ఆగి, మెల్లగా వదిలాడు. బీము వచ్చేసరికి నాన్న తల కొంచెం వంచారు, తగలదని తెలిసినా. దాటాక పైకి చూసి, "ఎంత ఉంది సందు?" అని అడిగారు. నాలుగు పైనే నాన్నా, మీరున్నారు కదా, బండి కిందికి దిగుతుంది అన్నాను.

ర్యాంపు పలక దించాక కుర్చీ వెనక్కి నడుపుకుంటూ దిగి, లిఫ్టు బటన్ ఆయనే నొక్కారు. లిఫ్టు వచ్చేలోపు నా వైపు తిరిగి, "వాన సాయంత్రానికి తగ్గేలా లేదు. అయినా ఒకసారి అత్త వాళ్లింటికి వెళ్లొద్దామా?" అన్నారు.